పొద్దున డాక్టరు, సాయంత్రం డాక్టరు

ముందు మంచి కబురు చెప్పేస్తాను, దాచుకోవటం నా వల్ల కావటం లేదు. నేను డిగ్రీ పాసయ్యాను. బీకాం, ఫస్ట్ క్లాసు. మా నాన్న వైపు గానీ అమ్మ వైపు గానీ పదో తరగతి దాటినవాళ్ళు నాకు ముందు ఒక్కరూ లేరు. రిజల్టు వచ్చిన రోజు మా నాన్న దావీదు నా మార్కుల మెమో ఫోనులో పెట్టుకుని, తను పనిచేసే సున్నపురాయి క్వారీలో లారీ డ్రైవర్లందరికీ చూపించాడట. ఆయనకి చదవటం రాదు. కానీ ఎక్కడ వేలు పెట్టాలో నా దగ్గర నేర్చుకుని వెళ్ళాడు. "ఇదిగో, ఇక్కడ పాస్ అని ఉంటది, చూసుకోండి" అన్నాడట.

రెండో కబురు: నా ఊపిరితిత్తులు కూడా పాసయ్యాయి. ఆరు నెలలు టీబీ మందులు మింగాను. చివరి పరీక్షలో ఏమీ లేదని రాసిచ్చారు. సంచిలో రెండు కాగితాలూ పక్కపక్కనే పెట్టుకుని తిరుగుతున్నాను, ఎవరడిగితే వాళ్ళకి చూపిద్దామని.

ఇంత సంతోషంలో కూడా నోట్లో చేదు మాత్రం పోలేదు. మాత్రల చేదైతే ఈపాటికి పోయేది. ఇది మనుషుల మీద పుట్టిన రోత, అందులో కొంత నా మీద కూడా. అందుకే రాస్తున్నాను. ఆసుపత్రి పేరు రాయను. రాస్తే అదొక్కటే అలా ఉందనుకుంటారు.

దగ్గు నవంబరులో మొదలైంది. మా ఊరు జగ్గయ్యపేటకి ఆటోలో ఇరవై నిమిషాలు. రోజూ పేట దాకా ఆటో, అక్కణ్ణుంచి హైవే మీద బస్సులో నందిగామ, కాలేజీ. మా ఊరి గాలిలో సున్నపురాయి దుమ్ము ఎప్పుడూ ఉంటుంది. ఇంట్లో నాన్న దగ్గు లేని రాత్రి నేను పుట్టాక ఒక్కటి కూడా లేదు. అందుకని నేను దగ్గితే ఎవరూ పట్టించుకోలేదు. ఒకళ్ళకి ఇద్దరయ్యారు, అంతే. తర్వాత సాయంత్రం పూట జ్వరం మొదలైంది. తెల్లారేసరికి దిండు తడిసిపోయేది. అమ్మ నా చుడీదార్లకి పక్క కుట్లు ఒకసారి లోపలికి వేసింది. వారం తిరక్కుండానే మళ్ళీ వెయ్యాల్సి వచ్చింది. అప్పుడు భయపడింది.

డిసెంబరు మొదటి వారంలో నన్ను ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళింది. మా అమ్మ పేరు సువార్త. మిరప కోతల కూలి. కోతలింకా మొదలవలేదు కాబట్టి ఒక రోజు పోయినా పర్లేదంది. ఏడింటికల్లా వెళ్ళి ఓపీ చీటీ రాయించుకుని వరండాలో కూర్చున్నాం. గోడలకి కొత్త రంగులు, రంగుల మీద బోర్డులు, బోర్డుల నిండా ఉచితం, ఉచితం. డాక్టరు తొమ్మిదింటికని ఒక బోర్డు మీదుంది. పదిన్నరైనా కుర్చీ ఖాళీగానే ఉంది.

గోడకి తగిలించిన టీవీలో వార్తలు వస్తున్నాయి. నా పక్కన కూర్చున్న పెద్దాయన, మోకాళ్ళ నొప్పులకి వచ్చినాయన, అవి చూసి అమ్మతో అన్నాడు.

"విన్నావా అమ్మాయ్, డాక్టర్లకి జీతాలు చాలట్లేదంట. పెంచమంటన్నారు."

"ఎంతొస్తదంటావు బాబాయ్?"

"లక్షల్లోనే ఉంటదంట. ఆసుపత్రుల ఖర్చు కూడా ఏటేటా పెరిగిపోతందని ఆ టీవీవాడే చెప్తన్నాడు. అంత పోస్తన్నా ఈయన మనిషి మొహం చూడడే! మొహం ఎత్తటానికి ఎంత పడుద్దో అది కూడా బోర్డు మీద రాస్తే పోయిద్ది, చందాలేసుకుని ఇచ్చేద్దుం."

బల్ల మీద వాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు. పక్కవాళ్ళు మెల్లగా జరిగారు.

మా వంతు వచ్చేసరికి పన్నెండు. ఆయన నిజంగానే మొహం ఎత్తలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు వారాల పైనేనండి."

"జ్వరం?"

"సాయంత్రం పూట వస్తందండి."

నేను ఆ మాట పూర్తిచేసే లోపే చీటీ మీద ఏదో గీకి నా వైపు తోసేశాడు. "నెక్స్ట్." అర నిమిషం కూడా కాలేదు.

మా వైపు డాక్టరు చూశాడంటే చెయ్యి పట్టుకోవాలి, వీపు మీద గొట్టం పెట్టాలి, పంపేముందు సూది వెయ్యాలి. ఈ మూడూ లేకుండా బయటికొస్తే అసలు చూపించుకున్నట్టే కాదు. గుమ్మం దాటగానే అమ్మ మొదలెట్టింది.

"ఇదేం చూట్టమే? పిల్ల నల్లగా ఉందో తెల్లగా ఉందో కూడా చూళ్ళా! సూదన్నా వెయ్యలా!"

తలుపు దగ్గర నిలబడ్డ అటెండరు విన్నాడు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఇక్కడింతే అమ్మా, జనం ఎక్కువ. సారు సాయంత్రం క్లినిక్‌లో బాగా చూస్తారు. ఆరింటికి రండి. నేను పంపించానని చెప్పండి." జేబులోంచి అడ్రసు ఉన్న కార్డు కూడా తీసిచ్చాడు.

అమ్మ ఆసుపత్రి చీటీని నాలుగు మడతలు పెట్టి, చేతిసంచిలో ఉన్న బైబిల్లో పెట్టేసింది. మా అమ్మకి బీరువా, లాకరు అన్నీ ఆ బైబిలే. ఆధార్ జిరాక్సుల నుంచి నా స్కూలు ఫోటోల దాకా అందులోనే ఉంటాయి.

ఇక్కడే నా సంగతి చెప్పాలి. మా ఇంటికి ఏ కాగితం వచ్చినా చదివేది నేను. కరెంటు బిల్లు నేనే, రేషను మెసేజీ నేనే, బ్యాంకు నోటీసు నేనే. పక్కిళ్ళవాళ్ళు కూడా నా దగ్గరికే తెస్తారు. ఆ ఒక్క చీటీ నేను చదవలేదు. ఎప్పుడూ ఇచ్చే పసుపు మాత్రలే రాసుంటాడనుకుని, ఫోనులో పరీక్ష ఫీజు ఎప్పుడు కట్టాలో చూసుకుంటూ ఆటో ఎక్కాను.

సాయంత్రం ఆరింటికి క్లినిక్. అదే మనిషి, అదే పెన్ను. కానీ గొంతు వేరు.

"రా తల్లీ, కూర్చో. ఏం చదువుతున్నావ్? బీకామా! వెరీ గుడ్. చూశావమ్మా, ఆడపిల్లని చదివించుకుంటున్నావు, నువ్వు గ్రేట్."

చెయ్యి పట్టుకున్నాడు. వీపు మీద గొట్టం పెట్టి నాలుగు చోట్ల విన్నాడు. సూది వేయించాడు. పక్కనే ఉన్న ల్యాబులో ఎక్స్‌రే తీయించి, దాన్ని లైటు ముందు పెట్టి, "నిమ్ము చేసింది. భయం లేదు, కోర్సు వాడితే తగ్గిపోద్ది" అన్నాడు. అమ్మ కళ్ళు తుడుచుకుంది. ఫీజు, ఎక్స్‌రే, మందులు, టానిక్కు అన్నీ కలిపి, ఆటో చార్జీ తప్ప అమ్మ దగ్గరున్నదంతా అయిపోయింది. ఆటో ఎక్కాక అమ్మ సంతోషం చూడాలి.

"చూడు, మనిషి మంచోడే. పొద్దున జనంలో పాపం తీరుబాటు లేక అట్టా ఉన్నాడు" అంది.

అలా జనవరి, అలా ఫిబ్రవరి. వారానికోసారి క్లినిక్. ప్రతివారం కొత్త యాంటీబయాటిక్, కొత్త సూది. నాలుగు రోజులు కాస్త తగ్గినట్టుండేది, మళ్ళీ మొదలు. అప్పటికి మిరప కోతలు జోరుగా ఉన్నాయి. అమ్మ పొద్దున్నే ట్రక్కు ఆటోలో వెళ్ళి చీకటి పడుతుంటే వచ్చేది. కాయ తెంపి తెంపి ఆ చేతులు మంటలు పుట్టి, నా నుదురు పట్టుకుని జ్వరం చూడటానికి కూడా భయపడేది, మోచేత్తో తాకి చూసేది. శనివారం వచ్చిన కూలి సోమవారానికల్లా ఆ డాక్టరు బల్ల మీదికి చేరేది.

నాన్న ఒకే ఒక్కసారి అడిగాడు. "అసలు పొద్దున ఆసుపత్రిలో చీటీ మీద ఏం రాశాడే?"

అమ్మ అంతెత్తున లేచింది. "ఏం రాస్తాడు? ఊరికే వచ్చే మాత్రలు రాస్తాడు. అవి మింగితే తగ్గిద్దా? సాయంత్రం అంత ప్రేమగా చూసే మనిషిని పట్టుకుని..."

"అదే మనిషి గదంటే."

"అయితే ఏంది? డబ్బు పెడితేనే గదా మందు పనిచేసేది!"

నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను అమ్మ వైపే మాట్లాడాను. ఊరికే వచ్చింది మంచిది కాదని మాకు ఎవరు నేర్పారో తెలియదు గానీ, నాకు డిగ్రీ మూడేళ్ళలో ఒంటపట్టనంత గట్టిగా అది ఒంటపట్టింది.

ఫిబ్రవరి చివర్లో ఒక మధ్యాహ్నం నందిగామ నుంచి వస్తున్న బస్సులో దగ్గొచ్చింది. చేతిరుమాలు తీసి చూస్తే ఎర్రగా ఉంది. కాసేపు అది నాది కాదన్నట్టు చూశాను. పక్కసీట్లో ఉన్న ఆవిడ కూడా చూసింది. లేచి దూరంగా వెళ్ళిపోతుందనుకున్నాను. ఆవిడ తన సీసాలో నీళ్ళిచ్చి, నా చేతిలోంచి ఆ రుమాలు తీసుకుని కవర్లో చుట్టి, పేట వచ్చేదాకా నా వీపు రాస్తూనే ఉంది. "ఏమీ కాదులే నాన్నా, ఏమీ కాదు" అంటూ. ఆవిడ పేరు అడగలేదు. ఈ మొత్తం కథలో అసహ్యం లేకుండా తలుచుకోగలిగిన మనుషుల్లో ఆవిడ మొదటిది.

ఆ రోజు బుధవారం. శనివారం దాకా కూలి రాదు. క్లినిక్‌కి వెళ్ళటానికి సరిపడా డబ్బు ఇంట్లో లేదు. అందుకని, కేవలం అందుకని, అమ్మ నన్ను మర్నాడు పొద్దున మా మండలం పీహెచ్‌సీకి తీసుకెళ్ళింది. మా దగ్గర డబ్బులు ఉండుంటే నేను మళ్ళీ ఆ సాయంత్రం డాక్టరు దగ్గరికే వెళ్ళేదాన్ని.

పీహెచ్‌సీలో ఉన్న డాక్టరమ్మకి నాకంటే ఐదారేళ్ళు ఎక్కువుంటాయేమో. కాంట్రాక్టు ఉద్యోగం. చేతికి నల్ల రిబ్బను కట్టుకుని ఉంది. మేం వెళ్ళేసరికి ఫోనులో ఎవరితోనో గొడవపడుతోంది. "మూడో నెల సార్ ఇది. ఫైలు విజయవాడలో ఉందంటారు, విజయవాడ వాళ్ళు పంపించేశామంటారు. మా నాన్నకేం చెప్పమంటారు నన్ను?" ఫోను పెట్టేసి, ఆ కోపంతోనే మా వైపు తిరిగింది.

"ఏమ్మా, ఎన్నాళ్ళ నుంచి?"

"నవంబరు నుంచండి."

"కఫం పరీక్ష చేశారా?"

"లేదండి. ఎక్స్‌రే తీశారు. నిమ్మన్నారు."

"మూడు నెలలు దగ్గుతుంటే, జ్వరమొస్తుంటే, ఒక్కళ్ళు కూడా కఫం పరీక్ష చెయ్యలేదా? ఎవరు చూశారు నిన్ను?"

అమ్మ క్లినిక్ కాగితాల కవరు బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ ఒక్కొక్కటే తిప్పింది. పైన ఉన్న పేరు చూసింది. కాగితాలన్నీ మళ్ళీ కవర్లోకి తోసేసింది. తర్వాత చిన్న డబ్బా నా చేతికిచ్చి, బయట ఎండలో నిలబడి గట్టిగా దగ్గి తెమ్మంది.

అలవాటు కొద్దీ అమ్మ కొంగు ముడిలో ఉన్న నలిగిన నోటు తీసి ఆమె చేతిలో పెట్టబోయింది. ఆమె కుర్చీలోంచి లేచిపోయింది.

"ఏం చేస్తున్నావమ్మా! నాకు రావాల్సింది ఇచ్చేది నువ్వు కాదు. ఆ డబ్బుతో గుడ్లు కొని పిల్లకి పెట్టు. రోజుకి రెండు."

బయటికొచ్చాక అమ్మ సిస్టర్ని అడిగింది. "ఏంటమ్మా, డాక్టరమ్మ అంత కస్సుమంటది?"

"మూడు నెలల్నుంచి జీతం రాలా ఆమెకి. ఆటోకి నేనే అప్పిస్తన్నా" అంది సిస్టరు.

అమ్మ నమ్మలేదు. "డాక్టర్లకి జీతం రాకపోవటమేంది?" అని దారి పొడుగునా ఆశ్చర్యపోయింది. అప్పటిదాకా మా అమ్మ లెక్కలో జీతం రానిది పాలేరుకీ, పాస్టరుగారికీ మాత్రమే.

రెండో రోజు డాక్టరమ్మ ఫోను చేసింది. టీబీ. ఆరు నెలలు, ప్రతిరోజూ, పరగడుపున, ఒక్కరోజు కూడా మానకుండా. మందులన్నీ ఉచితం. మూత్రం ఎర్రగా వస్తది, రక్తమనుకుని మానెయ్యొద్దని ముందే చెప్పింది. చెప్పకపోయుంటే అమ్మ మొదటి రోజే మాన్పించేది. ఇంట్లో అందరికీ పరీక్ష చెయ్యాలంది. నాన్న రిపోర్టు వచ్చేదాకా రెండు రోజులు ఇంట్లో అన్నం ఎవరికీ దిగలేదు. చివరికి ఆయనది దుమ్ము దగ్గేనన్నారు. దుమ్ము దగ్గే అని కోడిని కోసుకుని తిన్నాం. మా దరిద్రం ఎంత దూరం వచ్చిందో చూడండి.

చర్చిలో మాది అందరూ ఒకే గిన్నెలోంచి ప్రభువు బల్ల ద్రాక్షరసం తీసుకునే పద్ధతి. ఆ నెల నేను వెనక వరసలోనే కూర్చుండిపోయాను. అందరూ ఒకసారి వెనక్కి తిరిగి చూశారు. పాస్టరమ్మ లేచి, ఒక చిన్న గాజు గ్లాసులో విడిగా పోసుకుని, నా దాకా నడుచుకుంటూ వచ్చి ఇచ్చింది. తర్వాత నెలకి చర్చిలో అందరికీ చిన్న గ్లాసులు వచ్చాయి. దాని గురించి ఎవరికీ ఏమీ చెప్పలేదావిడ.

మార్చి మధ్యకల్లా జ్వరం పోయింది. ఆకలి తిరిగొచ్చింది. గుడ్లంటే రోత పుట్టేలా తిన్నాను. ఏప్రిల్లో ఆఖరి సెమిస్టరు పరీక్షలు.

మా అమ్మకొక అలవాటుంది. నేను పదో తరగతిలో ఉన్నప్పటి నుంచి, హాల్‌టికెట్ వచ్చిన రోజునుంచి పరీక్ష రోజు దాకా దాన్ని బైబిల్లో కీర్తనల దగ్గర పెట్టి ప్రార్థన చేస్తుంది. పరీక్ష రోజు పొద్దున నేనే తీసుకోవాలి. ఆ రోజు కూడా తీశాను. హాల్‌టికెట్‌తో పాటు నాలుగు మడతల చీటీ ఒకటి జారి కిందపడింది. డిసెంబరు ఓపీ చీటీ.

విప్పి చదివాను. మాత్రల పేరు ఒక్కటీ లేదు. ఇంగ్లీషులో రెండే ముక్కలు: స్పూటమ్ టెస్ట్. పక్కన గది నంబరు ఏడు. కింద తారీఖు, సంతకం. మొహం ఎత్తకుండా, చెయ్యి పట్టుకోకుండా, అర నిమిషంలో, ఆ పొద్దున మనిషి సరైన పరీక్షే రాశాడు. ఏడో గది మేం కూర్చున్న బల్లకి ఎదురుగానే ఉంది.

స్పూటమ్ అంటే కఫమని డిసెంబరులో నాకు తెలియదు. ఒప్పుకుంటాను. కానీ ఏడు అనే అంకె చదవటానికి డిగ్రీ అక్కర్లేదు.

"ఏంటే అది?" అంది అమ్మ.

"ఏంలేదు, పాత చీటీ" అన్నాను. పరీక్ష రాయటానికి వెళ్తున్నదాన్ని, అప్పుడు చెప్పలేకపోయాను. ఆ చీటీ జేబులో పెట్టుకునే ఆడిటింగ్ పేపరు రాశాను. దస్తావేజులు సరిచూసుకోవటం గురించి రెండున్నర పేజీలు రాశాను. బయటికొచ్చాక నా మీద నాకే ఉమ్మెయ్యాలనిపించింది.

పరీక్షలయ్యాక ఒంటరిగా ఆ క్లినిక్‌కి వెళ్ళాను. ఒక్కమాట అడిగి వెళ్ళిపోతానంటే కాంపౌండరు వినలేదు, చీటీ రాయించుకోమన్నాడు. ఫీజు కట్టాను. డాక్టరు నవ్వుతూ పలకరించాడు.

"ఏం తల్లీ, కనపడ్డమే మానేశావు! ఒళ్ళు చేశావే!"

"టీబీ అండి. పీహెచ్‌సీలో మందులు వాడుతున్నా. ఇది చూడండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చీటీ చూశాడు. మొహం మాడుతుందనుకున్నాను. వెలిగింది!

"చూశావా? మొదటి రోజే రాశాను. ఎంత కరెక్టుగా పట్టుకున్నానో చూడు. మీరే చేయించుకోలేదు."

"మరి అదే రోజు సాయంత్రం మీ దగ్గరికి వచ్చాం కదండీ. అప్పుడు నిమ్మన్నారు."

"పరీక్ష చేయించుకున్నావు, ఏమీ రాలేదు, అందుకే ఇక్కడికొచ్చావనుకున్నాను."

"మీరు అడగలేదండి."

"నువ్వు చెప్పలేదమ్మా."

"మూడు నెలలండి. వారం వారం వచ్చాం. ఒక్కసారన్నా..."

అప్పుడు ఆయన గొంతులోకి పొద్దున మనిషి వచ్చాడు. "చూడమ్మాయ్, పొద్దున్నే రెండొందల మందిని చూడాలి అక్కడ. వాళ్ళిచ్చే జీతానికి అంతకంటే ఎంత చూడమంటావు? నాతో చదివినవాళ్ళు హైదరాబాద్‌లో ఎంత సంపాదిస్తున్నారో తెలుసా నీకు? ఇక్కడ కూర్చున్నానని సంతోషించు." కాంపౌండరు వైపు చూసి, "నెక్స్ట్" అన్నాడు.

ఆయన చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. రెండొందల మంది నిజమే. అంతమందికీ అక్కడున్న డాక్టరు కుర్చీ ఒకటే, అదీ నిజమే. కానీ జీతం చాలనివాడు పొద్దున ముక్తసరిగా నిజం రాసి, సాయంత్రం తీరిగ్గా అబద్ధం చెబితే, ఆ రెండు పూటల మధ్య తిరుగుతూ చచ్చేది మేమే. మూడు నెలలు జీతమే లేని మనిషి ఒక్క ప్రశ్నతో తేల్చిన జబ్బు అది. వందమందికి జీతం పెంచండి, రెండొందల కోట్లు పొయ్యండి, గోడలకి ఇంకో రంగు వెయ్యండి. సాయంత్రం క్లినిక్‌కి మనుషుల్ని తోలటానికే పొద్దున ఆసుపత్రి నడుస్తున్నంతకాలం ఆ డబ్బు ఎటు పోతుందో నాకు మళ్ళీ ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చి అమ్మకి చీటీ సంగతి చెప్పాను. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. చీటీ తీసుకుని అటూ ఇటూ తిప్పింది. తలకిందులుగా పట్టుకుందని నేను చెప్పలేదు.

"నా బైబిల్లోనే ఉందా ఇన్నాళ్ళూ? రోజూ దాని మీదే చెయ్యి పెట్టి నీకు తగ్గాలని ప్రార్థన చేశానే" అంది. ఆ రాత్రి అన్నం తినలేదు.

జూలైలో రిజల్టు వచ్చింది. అందరికంటే ముందు డాక్టరమ్మకి చూపిద్దామని మెమో పట్టుకుని పీహెచ్‌సీకి పరిగెత్తాను. ఆ కుర్చీలో ఎవరూ లేరు.

"వెళ్ళిపోయింది. విజయవాడలో ప్రైవేటు ఆసుపత్రిలో చేరిందంట. ఎన్నాళ్ళని చేస్తది ఊరికే?" అంది సిస్టరు. "నా ఆటో డబ్బులు మాత్రం పంపించింది."

మెమో సిస్టరుకే చూపించాను. ఆమె సంతోషించి నాలుగు బిస్కెట్లు పెట్టింది. అవి తింటూ ఏడ్చాను.

ఇది చదువుతున్నవాళ్ళకి ఒక్కమాట. రెండు వారాలు దాటి దగ్గుంటే కఫం పరీక్ష చేయించుకోండి. అది ఉచితం. ఉచితం కాబట్టి పనికిరాదనుకోకండి. టీబీ వచ్చిందని సిగ్గుపడకండి, తగ్గిపోతుంది, నన్ను చూడండి. డాక్టరు నవ్వాడా లేదా అని కాదు, చీటీ మీద ఏం రాశాడో చూడండి. చదవటం రాకపోతే వచ్చినవాళ్ళని ఆపి అడగండి. మాలాంటి వాళ్ళని ఇంట్లోవాళ్ళు కూలికెళ్ళి చదివించింది అందుకే.

ఆగస్టు చివర్లో ఆఖరి పరీక్షకి ఆ పెద్ద ఆసుపత్రికే వెళ్ళాల్సి వచ్చింది. ఏడో గదిలో డబ్బా ఇచ్చి, రిపోర్టు కోసం అదే బల్ల మీద కూర్చున్నాను. డాక్టరు గది తలుపు తెరిచే ఉంది. తల వంచుకుని రాస్తున్నాడు, తోస్తున్నాడు, నెక్స్ట్ అంటున్నాడు. ఒక ముసలావిడ చీటీ పట్టుకుని బయటికొచ్చింది. అటెండరు గొంతు తగ్గించాడు.

"ఇక్కడింతే అవ్వా. సాయంత్రం క్లినిక్‌కి..."

నేను లేచాను. "అవ్వా, ఆ చీటీ ఇటియ్యి."

విప్పి, వరండా అంతటికీ వినపడేలా గట్టిగా చదివాను. "షుగరు పరీక్ష, నాలుగో గది. మందులు మూడో కౌంటరు. అన్నీ ఇక్కడే అవ్వా, ఊరికే ఇస్తారు. ఎక్కడికీ వెళ్ళక్కర్లా." వెనకాల ఇంకొకాయన చీటీ చాపాడు. అదీ చదివాను. తర్వాత ఒకావిడ చంకలో పిల్లతో వచ్చింది. చుట్టూ మూగారు.

"నీకెందుకమ్మా? నువ్వేమన్నా ఇక్కడ స్టాఫా?" అన్నాడు అటెండరు మొహం ఎర్రగా పెట్టుకుని.

"కాదు. పేషెంటుని. బీకాం ఫస్ట్ క్లాసు" అన్నాను. "తర్వాతెవరు? చీటీ ఇవ్వండి."

లోపల పెన్ను ఆగింది. ఎవరూ ఒక్క రూపాయి కట్టకుండానే, పొద్దున పూట, ఆ డాక్టరు మొహం ఎత్తి చూశాడు.